న్యాయస్థాన గృహములు: ఆపదకు ముందటి ఏర్పాట్లు



నేటి నా ప్రసంగము న్యాయస్థాన గృహములను గూర్చినది. న్యాయస్థానమనగానే మనకు న్యాయమూర్తియు, వకీళ్లును, వాయిదాలును స్ఫురించును. ఆ గృహమున గదులెట్లు అమర్చవలెను, కాగితముల కట్టలు ఎక్కడ నుంచవలెను, నీరు గాని నిప్పు గాని వచ్చిననాడు అచ్చటి గుమాస్తాలు, బంట్రోతులు ఏమి చేయవలెను అను సంగతి సామాన్యముగా ఎవరును తలపెట్టరు. అది సర్కారువారి పని గదా, మనకేల యని మీరనవచ్చును. కాని ఆ గృహమున భద్రపరచిన కాగితములు మీ కుటుంబములవి. మీ తండ్రులు, తాతలు పంచుకొన్న పొలముల డిక్రీలు, ఆడబిడ్డల మనోవర్తి తీర్పులు, గట్టు తగాదాలలోని రాజీనామాలు, అన్నియు ఆ కట్టలలోనే యున్నవి. నేను చాల యేండ్లు న్యాయస్థానములలో గుమాస్తాగాను, పిదప సిరస్తదారుగాను పని చేసినవాడను. కావున ఈ విషయమును దగ్గరనుండి చూచు అవకాశము నాకు కలిగినది.

పూర్వము మన వ్యాజ్యములకు ఇంత పెద్ద గృహములు అక్కరలేకుండెను. 1800లో ఈ సీమలలో చాల భాగము కుంపిణీవారి వశమైన పిదప, 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో దొర గ్రామములోని తగవులు గ్రామములోనే తీరవలెనను అభిప్రాయము గలవాడు. 1816లో చెన్నపట్టణపు ప్రభుత్వము చేసిన రెగ్యులేషన్లలో గ్రామ మునసబులకు చిన్న దావాలు విచారించు అధికారము లభించెను. అట్టి న్యాయమునకు రచ్చకట్ట చాలును. ఊరి లెక్కల దస్తరము కరణము ఇంట నుండెడిది. 1984లో మునసబు, కరణముల పదవులు రెండును రద్దయినవి. నేడు ఊరి వ్యాజ్యములు పత్తికొండకో, ఆదోనికో, ప్రొద్దుటూరికో, జమ్మలమడుగునకో, లేక జిల్లా ముఖ్యపట్టణమునకో పోవుచున్నవి. ఇందువలన మేలు లేకపోలేదు. కాని నూరు ఊళ్ల కాగితములు ఒక్క గదిలో చేరినవి. ఒక్క గదిలో చేరినవి ఒక్క రాత్రిలో పోగలవు. అందుచేతనే ఆ గది ఎక్కడ నున్నదను ప్రశ్న ఆ నూరు ఊళ్లకును సంబంధించినది.

మనది మెట్ట సీమ. చెరువు అలుగు పారిన యేడు మనకు పండుగ. ఇట్టిచోట వరదకు జడియుట యేమని నవ్వువారు కలరు. 2009వ సంవత్సరము సంగతి జ్ఞాపకము చేసికొనుడు. ఆ యేడు వానకాలపు తొలి నెలలు దేశమంతటను అనావృష్టితో గడచినవి. పిదప సెప్టెంబరు చివరను, అక్టోబరు మొదటను కృష్ణా, తుంగభద్రల పరీవాహక ప్రాంతములలో కుంభవృష్టి కురిసెను. కర్నూలు నగరము తుంగభద్రయు, హంద్రియు కలియుచోట నున్నది. అక్టోబరు 2వ తేదీన ఆ రెండు నదుల నీరును నగరమును ముంచివేసెను. క్రిందనున్న శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చెను. ఆ ఆనకట్టను 19 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కవేసి కట్టిరి. 885 అడుగులుండవలసిన నీటిమట్టము 896 అడుగులు దాటెను. క్రింద నీరట్లు నిలిచియుండగా పైనుండి వచ్చు ప్రవాహము కర్నూలు వీధులలోనికి ఎగదట్టెను. పాతబస్తీలో జనులు మిద్దెల మీద రాత్రులు గడపిరి.

ఇందులో మనము గమనింపవలసిన దొకటి కలదు. అక్టోబరు 2వ తేదీ గాంధీ జయంతి. ఆ యేడు అది శుక్రవారము. మరునాడు శనివారము, ఆ మరునాడు ఆదివారము. అనగా నీరు వచ్చినది కచ్చేరీలు మూసియుండు దినమున.

పండ్రెండేండ్లకు మరల ఇట్టి యాపదయే కడప సీమకు వచ్చెను. 2021 నవంబరు 19వ తేదీన, కార్తిక పౌర్ణమినాటి తెల్లవారుజామున, రాజంపేట ప్రాంతములో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయెను. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట అంతకు ముందే తెగియుండెను. పులపత్తూరు, మందపల్లి మొదలగు ఊళ్లలో ఇండ్లును, పశువులును, మనుష్యులును కొట్టుకొనిపోయిరి. అదియు కచ్చేరి వేళ కాదు.

ఈ రెండు సంగతులును చూచినచో ఒకటి తేటపడుచున్నది. మెట్ట సీమలో నీరు అరుదుగా వచ్చును; కావున దానిని జనులు మరతురు. వచ్చినప్పుడు గుమాస్తాలు బల్లల ముందు కూర్చుండి యుందురను నమ్మకము లేదు. ఆ సమయమున పరుగెత్తుకొనివచ్చి కట్టలు మోయుదమనుట కుదరదు. మనిషి లేనప్పుడు కాగితమును కాపాడవలసినది దానిని పెట్టిన చోటే. న్యాయస్థానపు గదుల అమరికయు, ఆపత్కాల సన్నాహమును వేరు వేరు విషయములు కావని నేననుటకు ఇదియే కారణము.

ఈ మాట మీకు క్రొత్త కాదు. జొన్నలు పోయుటకు పాతర త్రవ్వునప్పుడు మన పెద్దలు ఏమి చేసెడివారు? ఊరిలో మెరకయైన చోటు చూచి, చెమ్మ చేరని గట్టి నేల యెంచి, చుట్టును చొప్పయు, గడ్డియు పేర్చి, పైన మన్ను కప్పెడివారు. వాననీరు ఎటు పారునో తెలిసినవానిని అడుగక పాతర త్రవ్వెడివారు కారు. గింజలకు చూపిన జాగ్రత్త కాగితములకును చూపవలెను. కచ్చేరీల విషయములో అట్లు జరుగుట అరుదు. ఎక్కడ ఖాళీ యున్నదో అక్కడనే కార్యాలయమును పెట్టుట మన దేశమున వాడుక. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యైనప్పుడు గృహములు చాలక కార్యాలయములు డేరాలలో నడచిన సంగతి మీలో వృద్ధులకు తెలియును. అవసరమునకు అట్లు చేయక తప్పదు. కాని తాత్కాలికముగా ఒక మూల పెట్టిన బీరువాలు నలువదియేండ్లు ఆ మూలనే యుండుట నేను చూచితిని.

ఇక రికార్డు గది యెట్లుండవలెనో చెప్పెదను. అది నేలయంతస్తులో నుండరాదు. వరద నీరు మొదట చేరునది అచ్చటికే. మిద్దె పైకప్పు క్రిందనే యుండుటయు మంచిది కాదు. పగులు విచ్చిన కప్పునుండి ఒక్క వానకు నీరు కారును. నడిమి యంతస్తు మేలు. అయితే కాగితము మిక్కిలి బరువైనది. ఆ బరువును నేల మోయగలదో లేదో ఇంజనీరు చేత లెక్క చూపించుకొనవలెను. గదికి పైభాగమున మరుగుదొడ్డి గాని, నీటి తొట్టి గాని, గొట్టములు గాని ఉండరాదు. కరెంటు మీటర్లును, బ్యాటరీలును ఆ గదిలో పెట్టరాదు. కట్టలుంచు అరల అడుగుభాగము నేలకు జానెడెత్తునకు తక్కువ కాకుండ నుండవలెను. ఎన్నటికిని నిలిచియుండవలసిన తీర్పులును, డిక్రీలును, దావా రిజిస్టర్లును పై అరలలో నుండవలెను. గడువు తీరిన పిదప నియమము ప్రకారము తీసివేయదగినవి క్రింది అరలలో నుండవచ్చును. కేసులలో పట్టుకొన్న సారాయి, మందుగుండు, ఆయుధములు మొదలగు వానికి వేరు గది కావలెను. నిప్పంటుకొను వస్తువును కాగితముల పొరుగున నుంచుట గడ్డివామి ప్రక్కన పొయ్యి పెట్టుట వంటిది.

నేను చూచిన ఒక సంగతి వినుడు. అది యే ఊరను మాట యిక్కడ ముఖ్యము కాదు. ఒక న్యాయస్థానమున రికార్డు గది పైన నీటిగొట్టము ఉండెను. దసరా సెలవులలో అది పగిలెను. సెలవులు ముగిసి తలుపు తీయునప్పటికి క్రింది అరలలోని కట్టలు ముద్దలై, నల్లని బూజు పట్టియుండెను. కొన్ని నెలలకు పెన్న యొడ్డు పల్లెనుండి ఒక వృద్ధ రైతు వచ్చి, తన తండ్రి కాలపు భాగపరిష్కారపు డిక్రీకి నకలు కోరెను. అన్న కుమారులు గట్టు జరిపిరనియు, ఆ కాగితము లేనిదే తన రెండెకరములు నిలువవనియు చెప్పెను. ఆ కట్ట పోయినవానిలో నొకటి. అతడు మెట్ల మీద కూర్చుండి చాలసేపు లేవలేదు. తుదకు అతని చెల్లెలు మెట్టినింట ట్రంకు పెట్టెలో, ఎన్నడో తీసికొన్న సర్టిఫైడు నకలు దొరికెను. ఆ నకలు ఆధారముగా న్యాయస్థానము ఆ రికార్డును మరల నిర్మించెను. పల్లెలో ఒక పెట్టెలో నున్న కాగితము పట్టణములో పోయిన కాగితమును బ్రతికించినది. ఈ సంగతికి మరల వచ్చెదను.

కాగితముల తరువాత మనుష్యుల సంగతి. నిజమునకు ఆపద వేళ మనుష్యులే మొదట. వాయిదానాడు న్యాయస్థానమునకు వచ్చువారిలో ముసలివారు, చంటిబిడ్డల తల్లులు, కుంటివారు, ఖైదీలు, సాక్షులు అందరును ఉందురు. న్యాయమూర్తి వచ్చు దారియు, పోలీసులు ఖైదీలను తెచ్చు దారియు, జనుల దారియు ఒకదానితో నొకటి కలియకుండుట మంచి ఏర్పాటు. ఇందువలన సాక్షికి బెదరింపు తప్పును. ఆపద వేళ త్రొక్కిసలాటయు తప్పును. నడవలలో బీరువాలు పెట్టి దారి నిరికింపరాదు. పెద్ద గదుల తలుపులు వెలుపలికి తెరచుకొనవలెను. లోపలికి తెరచుకొను తలుపును భయపడిన గుంపే మూసివేయును. మెట్ల ప్రక్కన చక్రపు కుర్చీ పోగల వాలుదారి యుండవలెను. పురుషులకును, స్త్రీలకును, వికలాంగులకును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకును వేరు వేరు మరుగుదొడ్లు ప్రతి న్యాయస్థానమున నుండవలెనని సుప్రీముకోర్టు 2025 జనవరి 15న ఆదేశించెను. మన ఎండలలో నీడయు, త్రాగునీరును ప్రాణావసరములే. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, ఒడలు తడిపి, 108కి ఫోను చేయుట ప్రతి బంట్రోతునకును తెలిసియుండవలెను.

ఆపదలన్నియు దైవికములు కావు. మన రాయలసీమలోనే, చిత్తూరు న్యాయస్థానపు ఆవరణలో, 2016 ఏప్రిల్ 7న బాంబు ప్రేలెను. అదే యేడు సెప్టెంబరు 12న నెల్లూరు న్యాయస్థానపు ఆవరణలోను అట్లే జరిగెను. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీలోని రోహిణీ న్యాయస్థానమున వకీళ్ల దుస్తులు ధరించి వచ్చిన ఇద్దరు, విచారణ గదిలోనే ఒక ఖైదీని కాల్చి చంపిరి. కావున ద్వారము వద్ద తనిఖీ చేసినప్పుడు ఎవరును చిన్నతనముగా భావింపరాదు. దిక్కులేని సంచి కనబడినచో దానిని ముట్టక, దూరముగా తొలగి, కాపలాదారునకు గాని 112కు గాని తెలుపవలెను.

సిబ్బంది సన్నాహములో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది, తాళపుచెవి. రికార్డు గది తాళపుచెవి ఎవరి యొద్ద నున్నది, అతడు ఊరిలో లేనిచో రెండవది ఎవరి యొద్ద నున్నది అను రెండు పేర్లు వ్రాసి న్యాయమూర్తి యొద్దను, కావలివాని యొద్దను ఉంచవలెను. సెలవు దినములకు ఈ పట్టిక మరింత అవసరము. రెండవది, పని పంపకము. జనులను బయటికి నడిపించువాడెవరు, ఖైదీల పోలీసులకు చెప్పువాడెవరు, కరెంటు ఆపువాడెవరు, రిజిస్టర్లు ఎత్తువాడెవరు అని ముందే పేరు పేరున నియమింపవలెను. అందరి పనియన్నది ఎవరి పనియు కాకపోవును. మూడవది, వరుస. మొదట మనుష్యులు, పిదప రిజిస్టర్లు, ఆ పిదప కట్టలు. రిజిస్టరు మిగిలినచో ఏ కేసు ఎవరిది, ఏ తీర్పు ఎప్పుడైనదని తెలియును. దానిని బట్టి తక్కినది వెదకి కూర్చవచ్చును. నాలుగవది, అభ్యాసము. ఏటికి రెండుమార్లయినను గంట మ్రోగించి, అందరును బయటికి వచ్చి, లెక్క చూచుకొనవలెను. కరెంటు మంటపై నీరు చల్లరాదనియు, ఇసుకయో తగిన మంటలార్పు సాధనమో వాడవలెననియు చేతితో చేసి చూచినవానికే జ్ఞాపకముండును. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము ప్రతి జిల్లాకును కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ కలదు. వరద కబురు తెలియుటకు, తెలుపుటకు జిల్లా కంట్రోలు రూము సంఖ్య 1077. అగ్నిమాపకమునకు 101. ఈ సంఖ్యలు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియుండవలెను.

కాగితములు తడిసినచో ఏమి చేయవలెనో మీకును పనికివచ్చును, మీ యింటి దస్తావేజులకును ఈ పద్ధతియే. తడిసిన కట్టను బలవంతముగా విప్పరాదు, రేకులు చినుగును. ఎండలో ఆరవేయరాదు, కాగితము ముడుచుకొని పెళుసగును, సిరా వెలియును. క్రింద పలక పెట్టి ఎత్తి, నీడలో గాలి తగులుచోట పరచి, నీరు పీల్చు తెల్ల కాగితమును నడుమ నుంచి, దానిని మార్చుచుండవలెను. రెండు మూడు దినములలో బూజు పట్ట నారంభించును గావున తొందర యవసరము. కట్టలు మిక్కుటమై ఆరబెట్టుటకు వీలుకానిచో శీతల గిడ్డంగిలో గడ్డకట్టునట్లుంచిన యెడల బూజు ఆగును. పిదప నిదానముగా నిపుణులచే ఆరబెట్టించవచ్చును.

నేడు కాగితమునకు తోడుగా కంప్యూటరు వచ్చినది. న్యాయస్థానములను కంప్యూటరుతో ముడిపెట్టు పథకము 2007లో మొదలైనది. దాని మూడవ దశకు కేంద్ర ప్రభుత్వము 2023లో 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. పాత రికార్డుల ఛాయాచిత్రములు తీసి కంప్యూటరులో భద్రపరచుట అందులో నొక ముఖ్యమైన పని. ప్రతి కేసునకును పదునారు అక్షరములును, అంకెలును గల సి.ఎన్.ఆర్. అను సంఖ్య నిత్తురు. ఆ సంఖ్య తెలిసినచో మీ మనుమడు ఫోనులోనే వాయిదా చూచి చెప్పగలడు. అయినను ఛాయ తీయని కట్టకు కంప్యూటరు రక్ష కాదు. ఛాయ తీసినదియు అదే గదిలోని యంత్రమున నొక్కచోటనే యున్నచో రక్ష కాదు. ప్రతి వేరొకచోట నుండవలెను.

ఇక గ్రామ పెద్దలుగా మీరు చేయదగిన పనులు. మీ ఊరిలో ఎవరికి తీర్పు వచ్చినను వెంటనే తీర్పునకును, డిక్రీకిని సర్టిఫైడు నకళ్లు తీసికొనుమని చెప్పుడు. ఒక నకలు ఇంట నుంచి, రెండవదానిని వేరొక ఊరిలోని నమ్మకమైన బంధువు నింట నుంచుమనుడు. దావాలో దాఖలు చేసిన అసలు దస్తావేజులను కేసు ముగిసి అప్పీలు గడువు తీరిన పిదప దరఖాస్తు పెట్టి తిరిగి తీసికొనవచ్చును. సివిలు ప్రొసీజరు కోడులో ఈ హక్కు కలదు. మనవారిలో చాలమంది అడుగక వానిని అచ్చటనే విడిచిపెట్టుచున్నారు. రిజిస్టరైన క్రయపత్రము పోయినను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున దాని నకలు దొరకును. అసలు పత్రము పోయినదని రుజువైనచో దానికి బదులు నకలు మొదలగు సాక్ష్యమును చట్టము అంగీకరించును. కావున కాగితము పోయినంతమాత్రమున హక్కు పోయెనని నిరాశపడి ఎవరును పొలమును విడువరాదు. తగ్గింపు ధరకు అమ్ముకొనరాదు.

మరియొక భయము కలదు. వరద వలన న్యాయస్థానము మూతబడిన దినముననే దావా వేయుటకు గడువు తీరినచో ఏమగును? 1963 నాటి లిమిటేషను చట్టము 4వ సెక్షను దీనికి సమాధానము చెప్పుచున్నది. న్యాయస్థానము మరల తెరచిన దినమున వేసినచో అది గడువులో వేసినట్లే. న్యాయస్థానము తెరచియుండి, దారి తెగి మనిషి పోలేకపోయినచో, అప్పీళ్లకును, దరఖాస్తులకును 5వ సెక్షను క్రింద కారణము చూపి క్షమాపణ కోరవచ్చును. క్రొత్త దావాలకు ఆ సెక్షను వర్తింపదు. కావున దావాలను చివరి దినమువరకు నిలుపరాదు. కరోనా కాలమున సుప్రీముకోర్టు 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలమును గడువు లెక్కలో చేర్చరాదని ఆదేశించినది. విపత్తు కాలమున తలుపు మూసినంతనే హక్కు మాసిపోదని దీనివలన తెలియుచున్నది.

తుదకు ఒక మనవి. నీరు ఎంతవరకు వచ్చినదో చూచినవారు మీరు. వంక యెటు పొర్లునో, ఏ దిబ్బ మునగదో మీకు తెలిసినంతగా పట్టణమునుండి బదిలీపై వచ్చు ఉద్యోగికి తెలియదు. మీ తాలూకాలో క్రొత్త న్యాయస్థానమునకు స్థలము చూచుచున్నారని వినినప్పుడు నలుగురు కలిసి పోయి ఆ సంగతి న్యాయమూర్తికిని, కలెక్టరుకును వ్రాతమూలముగా తెలుపుడు. పాత గృహము గోడమీద వరద గుర్తు గీయించి, తేదీ వ్రాయించుడు. రికార్డు గది యే యంతస్తులో నున్నదని వకీలును అడుగుడు. అడుగువారున్నచోట జాగ్రత్త పెరుగును. రేపు మీ ఇంటిలోని పెట్టె తెరచి, ఏ కాగితమునకు నకలు లేదో చూచి, ఒక పట్టిక వ్రాసికొనుడు. పని అక్కడనుండి మొదలు పెట్టవచ్చును.

సెలవు.